అక్క తీసిన తరుగు

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆ సెల్లుల మీద తొమ్మిది వేల తొమ్మిది వందలని అచ్చు కొట్టినవాడికి ఆ మాట చెప్పే పెద్దలెవరూ లేనట్టుంది. చూపుడువేలంత పొడుగు, బొటనవేలంత లావు ఉండే లిథియం సెల్లులో మూడున్నర వేల ఎంఏహెచ్ ఛార్జి పట్టించడమే పేరున్న కంపెనీలకు గగనం. వీడెవడో ఊరూ పేరూ లేనివాడు దానికి దాదాపు మూడింతలు పట్టించేశానని, మెరిసే నీలం తొడుగు తొడిగి మరీ చాటుకుంటున్నాడు. అక్క అట్టపెట్టె విప్పి, ఒక సెల్లును ఎగరేసి అరచేత్తో పట్టుకుంది. బలమున్న సెల్లయితే చేతికి బరువు తగులుతుంది. ఇది గింజ లేని వేరుశనగకాయలా తేలిపోయింది.

ఇంకెవరి పనైనా అయితే ఆ పెట్టెను వచ్చిన దారినే తిప్పి పంపేది. వీధివైపు గదిలో ఆమె, ఆమె భర్త కలిసి బ్యాటరీలు కట్టే పని చేస్తారు. సెల్లుల్ని వరసగా పేర్చి, నికెల్ పట్టీలతో అతికి, ప్లాస్టిక్ తొడుగు వేసి ఇస్తారు. సైకిళ్లకీ, కొట్లలో దీపాలకీ, మందు కొట్టే పంపులకీ అవే. సైకిలు దారిలో ఆగిపోతే మనిషి తిట్టుకుంటూ నడిచి ఇంటికి చేరతాడు. ఈసారి కట్టాల్సింది తమ్ముడికి.

తమ్ముడికి చిన్నప్పటినుంచీ ఛాతీ కండరాలు బలహీనం. ముప్ఫై దాటేసరికి ఊపిరి తీసుకునే పని కూడా ఒక మిషనుకు అప్పగించాల్సి వచ్చింది. ముక్కుకు మాస్కు, దాని గొట్టం చివర చెప్పులపెట్టె అంత మిషను, రోజంతా ఉస్సు బుస్సుమంటూ గాలి తోస్తుంటుంది. మాస్కు తీస్తే కాసేపు తట్టుకుంటాడు. భోజనం చేస్తాడు, నాలుగు మాటలు మాట్లాడతాడు. ఆ తర్వాత పెదాల రంగు మారడం మొదలవుతుంది. ఆ రంగు అక్కకు బాగా తెలుసు.

అలాగని అతను మూల కూర్చుని మూలిగే రకం కాదు. వెనకగదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఇళ్ల ప్లాన్లు గీస్తాడు. ఎక్కడెక్కడి మేస్త్రీలో ఫోన్లు చేసి గీయించుకుంటారు, ఆనక వాళ్లకు తోచినట్టు మార్చి కడతారు. మొదటిసారిగా ఒక మేస్త్రీ గీత తప్పకుండా, అతను గీసింది గీసినట్టు కట్టాడు. ఇల్లు పూర్తయింది. వారంలో ఇంటివాళ్లు సామాను దింపుకుంటారు. ఆలోపు, గోడలు గోడలుగా ఉన్నప్పుడే ఒక్కసారి చూడాలని తమ్ముడి కోరిక. బస్సులో అయిదు గంటల దారి.

మిషనుతో వచ్చిన బ్యాటరీ ముసలిదైపోయి గంట కూడా మోయడం లేదు. ఆ రకాన్ని చేయడమే మానేశామని కంపెనీవాళ్లు చేతులెత్తేశారు. మంచి సెల్లులు తెప్పించాలంటే నెల పడుతుంది. అప్పటికి ఆ ఇంట్లో పరుపులూ బీరువాలూ వచ్చేస్తాయి. అందుకని చేతికందినది ఈ నీలం పెట్టె.

"వీటినా వాడి ఊపిరికి కట్టేది?" అంది అక్క భర్తతో. అతను నెమ్మదస్తుడు. పెట్టె చెప్పేది మనం వినక్కర్లేదని, ఒక్కొక్క సెల్లునూ అడిగి తెలుసుకుందామని అన్నాడు. వెనకగదిలోంచి తమ్ముడు, మాస్కు లోపలినుంచే, కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఇద్దర్నీ కలిపి వెక్కిరించాడు. అక్క నవ్వలేదు.

సెల్లు చేత నిజం చెప్పించడానికి ఒకటే దారి. నిండా ఛార్జి చేయాలి, తర్వాత ఒక్క తీరున ఖాళీ చేస్తూ ఎంత బయటికొచ్చిందో కొలవాలి. బల్లమీద టెస్టరు ఆ పనే చేస్తుంది. అడుగంటగానే కీచుమని అరిచి అంకె చూపిస్తుంది. పట్టుకుంటే చుర్రుమన్న సెల్లుల్నీ, నింపి పక్కన పెడితే తమంతట తామే దిగిపోయినవాటినీ అక్క ఏరి, పెరట్లో ఇసుక బకెట్టులో వేసింది. అలా పెట్టెలో సగం పైగా ఇసుక పాలైంది. మిగిలినవాటికి నీలం తొడుగు ఒలిచి చూస్తే కింద ఇంకో తొడుగు గుర్తులున్నాయి. ఎక్కడో పాత కంప్యూటర్లలో పనిచేసి, రిటైరై, కొత్త బట్టలు కట్టుకుని మళ్లీ కొలువుకొచ్చిన సెల్లులన్నమాట. చిత్రమేమిటంటే ఆ ముసలివాళ్లందరూ ఒక్కమాట మీద నిలబడ్డారు. ఏది పెట్టినా పధ్నాలుగు వందలు, ఓ పది అటూ ఇటూ.

ఈ పనిలో ఒక ఆచారం ఉంది. కొలిచిన అంకెను మార్కరు పెన్నుతో సెల్లు ఒంటిమీదే రాస్తారు. తర్వాత ప్యాకు లెక్క కట్టేది ఆ అంకెను చూసే. రాసేటప్పుడు కాస్త తరుగు తీయడం కూడా మామూలే, ధాన్యానికి తీసినట్టు. చలికి కొంత, పాతబడితే కొంత పోతుందని తీసే తరుగు అది. టెస్టరు పధ్నాలుగు వందలు చూపించింది. అక్క పెన్ను పట్టుకుని పదకొండు వందలని రాసింది. టెస్టరు మీది అంకె చెరిపేసి ఇంకో సెల్లు పెట్టింది. దానిమీదా పదకొండు వందలే.

అంత తరుగు ఏ బ్యాటరీవాడూ తీయడు. ఎందుకు తీసిందంటే, ఒకసారి కరెంటు పోయిన మధ్యాహ్నం ఆమె పక్కింటికి వెళ్లింది. పాత బ్యాటరీ గంటన్నర వస్తుందిలే అనుకుని తీరిగ్గా మాట్లాడుతూ కూర్చుంది. అది రాలేదు. తిరిగొచ్చేసరికి తమ్ముడు కుర్చీకీ గోడకీ మధ్య ఒరిగిపోయి ఉన్నాడు, పెదాలు సిరా పూసినట్టున్నాయి. బతికాడు. కానీ ఆ రోజునుంచి ఆమెకు లోకంలో ఏ అంకె మీదా నమ్మకం లేదు. ఎవరెంత చెప్పినా మనసులో కొంత కోసేస్తుంది.

భర్త ఆ సెల్లుల్ని రెండు ప్యాకులుగా కట్టాడు. లెక్క వేసి, ఒక్కో ప్యాకు రెండు గంటలు మోస్తుందన్నాడు. రెండూ కలిపి నాలుగు. దారేమో అయిదు గంటలు. పెట్టెలో ఇంక పనికొచ్చే సెల్లు లేదు.

అక్క వెనకగదిలోకి వెళ్లి, కుదరదు రా నాన్నా, ఇంకోసారి చూద్దాం అని చెప్పింది. తమ్ముడు వాదించలేదు. నాలుగు గంటలేనా అని అడిగాడు. నాలుగేనంది. అతను రెండు ప్యాకుల్నీ, వాటిలోంచి కనిపిస్తున్న మార్కరు రాతల్నీ కాసేపు చూసి, కంప్యూటరు వైపు తిరిగాడు. బయటికొస్తుంటే ఆమెకు ఎక్కడలేని నెమ్మది కలిగింది. మూట దించినంత హాయి. ఆ హాయికి సిగ్గేసింది కూడా, కానీ సిగ్గు కన్నా హాయే పెద్దది.

మర్నాడు పొద్దున ఆమె నికెల్ పట్టీలు కొనడానికి ఊరి ఆ చివరనున్న బజారుకు వెళ్లింది. ఎక్కడికెళ్లినా ఇంటికి ఫోన్ చేస్తూ ఉండటం ఆమెకు అలవాటు. కొనాల్సినవి కొని, తిరుగుబస్సెక్కి కూర్చుని చేసింది. తమ్ముడే ఎత్తాడు. పని ఎంతవరకొచ్చిందని అడుగుతూండగా ఆమె చెవికి ఏదో వెలితిగా తోచింది. మిషను ఉస్సు బుస్సు వినిపిస్తోంది. వెనకాల ఉండాల్సిన ఫ్యాను చప్పుడు లేదు.

"ఫ్యాను ఆపావా?"

"కరెంటు లేదక్కా. ప్యాకు మీద ఉన్నాను."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు వీధి మలుపు తిరిగినప్పట్నుంచి."

అక్క టైము చూసుకుంది. బయల్దేరి అప్పుడే రెండు గంటలు కావస్తోంది. రెండో ప్యాకు వేసుకొమ్మంది. దానికి ప్లగ్గు ఇంకా అతకలేదని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. పోనీ పాత బ్యాటరీ అందామంటే, దాని ప్లగ్గు కోసమే నిన్న దాన్ని విప్పి ముక్కలు చేసింది తనే. బావను పిలవమంది. బావ ఇక్కడే ఉన్నాడులే, కంగారు పడకు అని ఫోన్ పెట్టేశాడు.

కంగారు పడకు అన్న మాటకు కంగారు తగ్గినవాళ్లు ఈ భూమ్మీద ఎవరైనా ఉన్నారా? బస్సేమో ముందు లారీ వెనక, లారీ ఇంకేదాని వెనకో నిలబడిపోయింది. డ్రైవరు చేతులు స్టీరింగు మీద వేసి ఆవులిస్తున్నాడు. అక్క ఒళ్లో నికెల్ పట్టీల చుట్టను పిసుకుతూ లెక్క వేయడం మొదలుపెట్టింది. ప్యాకు రెండు గంటలు. కాదు, అది పదకొండు వందల లెక్క. తను తరుగు తీసింది కదా, అసలు అంతకంటే ఎక్కువే ఉండాలి. ఎంత ఎక్కువ? పధ్నాలుగు వందలు అన్నిటికీ ఉన్నాయా, కొన్నిటికేనా? పన్నెండు వందలు చూపించినవి ఏమైనా ఉన్నాయా? టెస్టరు చూపించిన అంకె చూసింది, చెరిపేసింది. సెల్లుల మీద ఉన్నవన్నీ తను రాసిన అంకెలే. అసలు అంకె ఎక్కడా లేదు. తమ్ముడి ఊపిరి ఇంకెంతసేపు ఉందో చెప్పగలిగిన మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉంది, ఆవిడకి తెలియడం లేదు.

తొమ్మిది వేలని రాసినవాణ్ణి నిన్నటిదాకా నోరారా తిట్టింది. వాడు ఎక్కువ రాశాడు, తను తక్కువ రాసింది. అవసరానికి రెండూ ఒకలాగే ఎందుకూ కొరగాకుండా పోయాయి.

బస్సు కదిలేలా లేదు. దిగి నడిచింది. నడక చాలక పరుగెత్తింది. వయసులో ఉన్న మనిషి కాదు, చెప్పు తెగితే తెగినదాన్ని చేత పట్టుకుని పరుగెత్తింది. మళ్లీ ఫోన్ చేద్దామంటే భయం, ఎత్తకపోతే? చేయకపోయినా భయమే. ఆ దారంతా ఆమె మొక్కుకోలేదు, ఏడవలేదు, పదకొండు వందలు పదకొండు వందలని మాత్రం గొణుక్కుంది.

తమ వీధి మలుపులో వెల్డింగు కొట్టు దగ్గర నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. అక్క దాన్ని దాటిపోయి, ఆగి, వెనక్కి తిరిగి చూసింది. కరెంటు లేకపోతే వెల్డింగెలా అవుతోంది? ఎదురింట్లో బట్టలుతికే మిషను గడగడలాడుతోంది. పక్కింట్లో ఎవరో టీవీ పెట్టుకున్నారు. వీధంతా వెలుగుతోంది. ఆరిపోయింది తన ఇల్లొక్కటే.

తలుపు తోసుకుని లోపలికెళ్లింది. గుమ్మం పక్కన, మెయిన్ స్విచ్చు కింద, భర్త ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. ఒక చెయ్యి పైకెత్తి స్విచ్చు మీద ఆనించి ఉంచాడు. ఎంతసేపటినుంచి అలా కూర్చున్నాడో, భుజం వణుకుతోంది. వెనకగదిలో తమ్ముడు మాస్కు పెట్టుకుని, ప్యాకును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పెదాలు మామూలుగానే ఉన్నాయి.

అక్క వెనక్కి గుమ్మం దగ్గరికి వచ్చింది. భర్త చేతిని లాగేసి స్విచ్చు వేయబోయింది.

"వేయకక్కా," అన్నాడు తమ్ముడు. "నీ రెండు గంటలూ అయిపోయి చాలాసేపైంది. ఇది ఇంకా తోస్తూనే ఉంది."

"బుద్ధుందా నీకు? ఈయనకైనా ఉండొద్దూ?"

భర్త తల దించుకున్నాడు. తమ్ముడు అడిగితే తనే స్విచ్చు తీశానన్నాడు. ఆ తర్వాత, గొంతు ఇంకా తగ్గించి ఇంకో సంగతి చెప్పాడు. ఆమె రాసిన పదకొండు వందల్లోంచి తను కూడా రెండు వందలు తీసి, తొమ్మిది వందల చొప్పున లెక్క కట్టాడట. వీడికేమైనా అయితే నువ్వు బతకవు, నువ్వు లేకపోతే నేనేం కాను అన్నాడు. పెళ్లయి ఇన్నేళ్లలో అతను అంత పొడుగు మాట అనడం ఆమె వినలేదు.

తరుగు మీద తరుగు. భార్యకు తెలియకుండా భర్త, భర్తకు తెలియకుండా భార్య, ఇద్దరూ తమ్ముడి దారిలోంచి గంటలకు గంటలు కోసేశారు. అక్క గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది.

"నీ టెస్టరు అరిచినప్పుడల్లా నడిమి తలుపులోంచి నా కుర్చీకి అంకె కనిపిస్తూనే ఉందక్కా," అన్నాడు తమ్ముడు. ఊపిరి ఊపిరికీ మధ్య మాటలు పేర్చుకుంటున్నట్టు ఆగి ఆగి చెప్పాడు. "ప్లాను గీసేటప్పుడు నేనో రెండంగుళాలు వదులుతాను. మేస్త్రీ ఓ రెండు వదిలి, తాపీవాడు ఇంకో రెండు వదిలితే గదిలో మంచం పట్టదు. అందరూ మంచికే వదులుతారు. పడుకోవాల్సినవాడు మాత్రం వసారాలో పడుకోవాలి."

అక్కకు ఏడుపొచ్చింది. తనకు భయమని చెప్పింది. ఆ రోజు కుర్చీకీ గోడకీ మధ్య చూసినప్పటినుంచీ తనకు కూర్చున్నా నించున్నా భయమేనని, అతను వెళ్లడం కుదరదని తేలినప్పుడు సంతోషించానని కూడా చెప్పేసింది. తమ్ముడు మొహం తిప్పుకోలేదు. తెలుసన్నాడు.

"ఆరేదాకా చూద్దాం. నువ్వు నా పక్కన కూర్చో. ఆరిపోయాక బావ స్విచ్చు వేస్తాడు. అప్పుడు అసలు అంకె ముగ్గురికీ తెలుస్తుంది."

ఒప్పుకోకుండా ఉండటానికి ఆమె దగ్గర ఏ కారణమూ మిగల్లేదు. పక్కన కూర్చుని అతని చేయి పట్టుకుంది. మిషను ఉస్సుమన్నప్పుడు తనూ గాలి పీల్చింది, బుస్సుమన్నప్పుడు వదిలింది. ఇంట్లో ఉక్కపోస్తోంది, ముగ్గురి మొహాలూ చెమటలు కారుతున్నాయి. ఎన్నో ప్యాకుల్ని బల్లమీద పెట్టి ఇలాగే ఆరనిచ్చింది ఆమె, ఏనాడూ ఊపిరి బిగబట్టలేదు. కాసేపటికి మిషను మీద ఎర్రదీపం వెలిగింది, సన్నగా కూత మొదలైంది. అక్క లేవబోతే తమ్ముడు చేయి వదల్లేదు. కూత కూస్తూనే ఉంది, గాలి తోస్తూనే ఉంది. చివరికి ఒక ఉస్సు తర్వాత రావాల్సిన బుస్సు రాలేదు. తమ్ముడు మాస్కు తీసి, సొంతంగా ఒక ఊపిరి పీల్చి, బావ వైపు చూసి తలూపాడు. స్విచ్చు టక్కుమంది. ఫ్యాను బద్ధకంగా కదిలింది.

మూడు గంటలు దాటింది. రెండు ప్యాకులకు ఆరు గంటల పైమాటే. అక్క మార్కరు తెచ్చి ప్యాకు మీద పెద్ద అక్షరాలతో మూడు అని రాసింది. పైన పడిన కాస్త భాగాన్ని తరుగు కింద వదిలేసింది. అది న్యాయమైన తరుగే.

రేపే బయల్దేరదామంది, తన చీరలు సంచిలో సర్దుతూ. తమ్ముడు సంచి చూసి తల అడ్డంగా ఊపాడు. బావ వస్తే చాలన్నాడు.

"నువ్వొస్తే దారి పొడుగునా నీ మొహం చూస్తూ కూర్చుంటానక్కా. నేను ఇల్లు చూడటానికి వెళ్తున్నాను."

ఆ మాట కత్తిలా దిగింది. నిజమే గనక చీరలు మళ్లీ బయటికి తీసింది. రాత్రికి రెండో ప్యాకుకూ ప్లగ్గు అతికి, రెండూ నింపి, పొద్దున్నే ఇద్దర్నీ బస్సెక్కించింది. ప్లగ్గులు మూడుసార్లు లాగి చూసింది. అక్కడి ఇంట్లో కరెంటుందని, చేరగానే మిషను గోడకు పెట్టుకుంటామని, ప్యాకుల్నీ నింపుకుంటామని భర్త పదిసార్లు చెప్పాడు. చేరగానే ఫోన్ చేస్తామని ఆమె పదకొండోసారి చెప్పించుకుంది. బస్సు కదిలాక దాని వెనక నాలుగడుగులు వేసి, నవ్వుతారని ఆగిపోయింది.

ఇంటికొచ్చి వెనకగదిలో తమ్ముడి మంచం మీద కూర్చుంది. ఈ అయిదు గంటలూ ఎలా గడపాలో దారిలోనే అనుకుంది. గడియారం ఎదురుగా పెట్టుకోవాలి, ఫోను చేతిలో ఉండాలి, నిమిషం నిమిషం భయపడాలి. భయపడటంలో ఆమెకు మంచి అనుభవముంది. కానీ ఇంట్లో ఏదో కొత్తగా ఉంది. చెవులు రిక్కించి వింది. ఉస్సు లేదు, బుస్సు లేదు. ఇన్నేళ్లలో ఆ చప్పుడు లేకుండా ఆ ఇంటిని ఆమె ఎప్పుడూ వినలేదు. ఆ చప్పుడు ఆగుతుందేమోనని వింటూ వింటూ రాత్రుళ్లు సగం మెలకువలోనే ఉండేది. ఇప్పుడు వినడానికేమీ లేదు. ఒక్క నిమిషం నడుం వాలుద్దామని పక్కకు ఒరిగింది.

ఎక్కడో ఏదో మోగుతోంది. మోగి ఆగుతోంది, మళ్లీ మోగుతోంది. మిషను కూతనుకుని దిగ్గున లేచి గోడవైపు పరుగెత్తబోయింది. మిషను లేదు. ఎండ కిటికీలోంచి ఆ గోడ దిగి ఈ గోడెక్కింది. ఫోను దిండు కింద కొట్టుకుంటోంది. వేళ్లు మొద్దుబారి, దాన్ని రెండుసార్లు జారవిడిచి చెవిన పెట్టుకుంది.

"అక్కా! ఎన్నిసార్లు చేయాలి? ఎత్తవేంటి?" అన్నాడు తమ్ముడు. "బావ పక్కింటివాళ్లకి చేస్తే వాళ్లు తలుపు కొట్టారట, నువ్వు తీయలేదట. నీకేమైందోనని ఇక్కడ నాకు ప్రాణాలు పోతున్నాయి. ఇల్లు కూడా సరిగ్గా చూడలేదు, గుమ్మంలోనే నించున్నాను. ఏమైందక్కా?"

అక్క గడియారం వైపు చూసింది. బస్సెప్పుడో చేరిపోయింది. తను భయంతో చావాల్సిన గంటలన్నీ తనకు తెలియకుండానే గడిచిపోయాయి.

"ఏం కాలేదు రా," అంది. "నిద్రపట్టింది."

అవతల మెల్లగా మిషను ఉస్సుమనడం వినిపించింది.

"నిద్రా? నువ్వా?"

"నేనే. ఇంక లోపలికెళ్లి ఇల్లు చూసుకో."